నాగబు చదివిన వేటూరి

గుంటూరు నుండి మిరప కల్లముల నడుమగా అమరావతికి పిల్లలను గొనిపోవు ఉపాధ్యాయులకు ఒక చిక్కు ఎదురగును. మహాస్తూపమున్న చోట మిగిలినది మట్టిదిబ్బయే గదా; శిల్పములన్నియు నెచ్చటికి బోయినవని పిల్లలడుగుదురు. సమాధానము చెప్పుటకు సిగ్గగును. 1797లో మెకంజీ దొర వచ్చునప్పటికి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు కొత్త పట్టణము కట్టించుచుండిరి. దిబ్బలోని పాలరాళ్లు కట్టడములకు బోవుచుండెను. 1845లో ఎలియట్ దొర త్రవ్వించిన రాళ్లు మదరాసు చేరి, ఏండ్ల తరబడి ఎండకు వానకు పడియుండెను. 1859లో నూటికి పైగా రాళ్లు లండనుకు ఓడ యెక్కినవి. శిల్పములతో పాటు వానిపై నున్న దానలేఖనములును ఊరు విడిచినవి. తాతల నాటి ఆస్తిపత్రములను పరులు మూటగట్టుకొని పోయినట్లయినది.

ఆ పోయిన లేఖనములలో నుండి ఒక్క మాటను తిరిగి తెలుగువారి చేతిలో పెట్టినవారు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు. వారు 1888లో కృష్ణామండలములోని పెదకళ్లేపల్లిలో జన్మించిరి. బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యులు. 1910 ప్రాంతమున మదరాసులోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున జేరిరి. అది మొదలు పురుగులు తిన్న తాటాకులే వారి నిత్యసహవాసము. క్రీడాభిరామమును పరిష్కరించి ప్రకటించిరి. కావ్యములు నశించి పద్యములు మాత్రము మిగిలిన కవులను ప్రబంధరత్నావళిలో గూర్చిరి. ఇక చాటుపద్యముల సంగతి చెప్పనక్కరలేదు; తరగతిలో వానిని వల్లింపని తెలుగు పండితుడుండడు.

అమరావతి లేఖనములు బ్రాహ్మీలిపిలో నున్నవి, భాష ప్రాకృతము. వానిని చదివిన దొరలకు ప్రాకృతము దెలియును, తెలుగు పట్టదు. శాస్త్రిగారి చూపు ఒక రాతిపలకపై నాగబు అను మూడక్షరముల కడ నిలిచెను. ప్రాకృతమున నాగశబ్దమునకు చివర బు రాదు. అది మన నాగంబులోని ప్రత్యయమేయని వారు గ్రహించిరి. ఆ చదువు నిజమైనచో, శాతవాహనుల నాటికే ఈ గడ్డపై తెలుగు పలుకుచుండెననుటకు రాతి సాక్ష్యము దొరకినట్లే. పూర్తిగా తెలుగు వాక్యములున్న కలమళ్ల శాసనము క్రీ.శ. 575 నాటిది, పద్యమున్న అద్దంకి పండరంగని శాసనము 848 నాటిది. నాగబు వానికి శతాబ్దముల ముందుమాట.

అయితే, అది నాగబుద్ధి వంటి యేదో పేరు విరిగి మిగిలిన ముక్క కారాదా యని సందేహింపవచ్చును. ఆ సందేహము న్యాయమే. ఒక్క మాటపై భాష వయస్సంతయు నిలుపుట సాహసము. అయినను ఆ బును జూచి ఆగుటకు తెలుగు చెవి కావలెను. అది శాస్త్రిగారికుండెను.

తరువాత వారు తిరుపతిలో తాళ్లపాకవారి రాగిరేకుల కీర్తనలను పరిష్కరించిరి. 1950లో కీర్తిశేషులైరి.

నా విద్యార్థులలో ఏటేట ఇద్దరు ముగ్గురు పరీక్షలో నాగంబు అని సున్నతో వ్రాయుదురు. నేను మార్కు తీయను.