లూథర్ ఇంటిని నిలబెట్టిన ఇల్లాలు

సంస్కరణోద్యమం అనగానే మనకు మార్టిన్ లూథర్, ఆయన రాసిన 95 సిద్ధాంతాలు గుర్తుకొస్తాయి. ఆ లూథర్ ఇంట్లో పొయ్యి మీదికి సరుకులు ఎక్కడి నుంచి వచ్చాయో, పనివాళ్ళకు కూలి ఎవరు లెక్కగట్టి ఇచ్చారో మనం అంతగా ఆలోచించం. ఆ భారమంతా మోసింది ఆయన భార్య కేథరిన్ వాన్ బోరా. సంసారం, వ్యాపారం, దేవుని పరిచర్య మూడూ ఒకే కప్పు కింద నడిచిన కాపురం అది.

కేథరిన్ 1499లో జర్మనీలోని ఒక పేద జమీందారీ కుటుంబంలో పుట్టింది. చిన్నతనంలోనే ఆమెను మఠంలో చేర్చారు. లూథర్ రచనల ప్రభావంతో 1523లో ఈస్టర్ సమయాన మరికొందరు సన్యాసినులతో కలిసి, టోర్గావ్ పట్టణపు వర్తకుడు లియొనార్డ్ కొప్పె సాయంతో బండిలో తప్పించుకుని బయటపడింది. 1525 జూన్ 13న లూథర్‌తో ఆమె వివాహం జరిగింది. ఆయనకు 41 ఏళ్ళు, ఆమెకు 26.

పెళ్ళికొడుకు చేతిలో డబ్బు లేదు. విట్టెన్‌బర్గ్‌లో సన్యాసులు ఖాళీ చేసి వెళ్ళిన పాత మఠమే ఇల్లు. తన పుస్తకాలు ఎంతగా అమ్ముడవుతున్నా లూథర్ వాటికి ప్రతిఫలం తీసుకునేవాడు కాదు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చేసేవాడు. పెళ్ళి కానుకగా మెయింజ్ ఆర్చిబిషప్ 20 గుల్డెన్లు పంపితే, వద్దని తిప్పి పంపమన్నాడు. కేథరిన్ మాత్రం వాటిని ఇంటి ఖర్చులకు ఉంచుకుంది. ఆ ఇంట్లో లెక్క తెలిసిన మనిషి ఎవరో మొదట్లోనే తేలిపోయింది.

ఆమె మఠం గదులను బాగు చేయించి, విద్యార్థులకు డబ్బు తీసుకుని భోజనం, వసతి కల్పించింది. కూరగాయల తోటలు వేసింది, చేపల చెరువు చూసుకుంది, పశువులను, పందులను పెంచింది. ఆ దేశంలో బీరు రోజూ భోజనంతో తాగే పానీయం కాబట్టి దాన్నీ ఇంట్లోనే కాచేది. 1540లో తన పుట్టింటివారి జూల్స్‌డోర్ఫ్ పొలాన్ని కొన్నారు. తెల్లవారుజామున నాలుగింటికే లేచే ఆమెను లూథర్ విట్టెన్‌బర్గ్ వేకువ చుక్క అని పిలిచేవాడు.

ఈ పనుల మధ్యే ఆరుగురు పిల్లలను కన్నది. తల్లిదండ్రులు లేని బంధువుల పిల్లలనూ చేరదీసింది. ఎలిజబెత్ ఏడాది నిండకుండానే చనిపోయింది. 1542లో 13 ఏళ్ళ మగ్దలీనా తండ్రి చేతుల్లో కన్నుమూసింది. ఆ దుఃఖంలోనూ ఇంటినిండా ఉన్న మనుషులకు వేళకు అన్నం పెట్టక తప్పలేదు.

ఇంత పని మోసే భార్యను లూథర్ ఎలా చూశాడు? సరదాగా ఆమెను దొరగారూ అన్నట్టు సంబోధించేవాడు. ఆమె ఒళ్ళు విట్టెన్‌బర్గ్‌లో ఉన్నా మనసు జూల్స్‌డోర్ఫ్‌లో తిరుగుతోందని 1540లో ఒక ఉత్తరంలో ఆటపట్టించాడు. ఆ హాస్యంలో కాస్త వెలితి కూడా వినిపిస్తుంది. పనుల ఒత్తిడిలో ఆమె ఆత్మ ఎండిపోకూడదని 1535లో ఒక పందెం పెట్టాడు. తరువాతి ఈస్టర్‌లోగా బైబిలు మొత్తం చదివితే 50 గుల్డెన్లు ఇస్తానన్నాడు. ఆమె పట్టుదలగా ద్వితీయోపదేశకాండం దాకా వచ్చిందని మిత్రుడికి సంతోషంగా రాశాడు. 1546లో తన చివరి ప్రయాణంలో ఉండగా, ఆమె తన గురించి నిద్ర మానుకుని దిగులుపడుతోందని తెలిసి, ఆ చింతను దేవునికి వదిలేయమని ఉత్తరాలు రాశాడు.

అన్నిటికంటే పెద్ద గౌరవం ఆయన వీలునామా. ఆనాటి చట్టం ప్రకారం విధవరాలికి సంరక్షకులు ఉండాలి. అయినా 1542లో లూథర్ తన ఆస్తిని ఆమె చేతికే అప్పగించాడు. తల్లి పిల్లల చేతుల వైపు చూడకూడదని, పిల్లలే తల్లి మాట వినాలని ఆయన ఉద్దేశం. 1546 ఫిబ్రవరి 18న ఆయన చనిపోయాక రాజాస్థానంలోని పెద్దలు దానికి అడ్డుపడ్డారు, సంరక్షకులను పెట్టించారు. వెంటనే యుద్ధం వచ్చి ఆమె ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి పొలాలు పాడైపోయాయి, పశువులు పోయాయి. మళ్ళీ అప్పు చేసి, మళ్ళీ విద్యార్థులకు వసతి ఇచ్చి పిల్లలను పోషించుకుంది. 1552లో తెగులు వ్యాపించగా టోర్గావ్‌కు వెళ్తూ బండి ప్రమాదంలో గాయపడి, డిసెంబర్ 20న ప్రభువు సన్నిధికి చేరింది.

ప్రియ చదువరీ, మన సంఘాల్లోనూ కేథరిన్‌లు ఉన్నారు. కుట్టుమిషను తొక్కి, గేదె పాలు అమ్మి భర్త పరిచర్యను నిలబెడుతున్న పాస్టరమ్మలు ఉన్నారు. భర్తతో సమానంగా దుకాణంలో కూర్చుని, రాత్రి వంటింట్లోకి వెళ్ళే తల్లులు ఉన్నారు. వేదిక మీద సన్మానం జరిగేటప్పుడు వారి పేరు ఎవరూ ఎత్తరు. సామెతలు 31వ అధ్యాయాన్ని మాతృదినాన చదివి ఊరుకుంటాం. ఆ స్త్రీ పొలం కొనడమే కాదు, భర్త ఆమెను నమ్మడమూ, నలుగురిలో మెచ్చుకోవడమూ అక్కడ రాసి ఉంది.

వ్యాపారంలో పెరిగే పని కాపురాన్ని చీల్చకుండా ఉండాలంటే భార్య ఓర్పు ఒక్కటే చాలదు. ఆమె కష్టాన్ని భర్త నోటితో ఒప్పుకోవాలి, లెక్కల్లో ఆమెను నమ్మాలి, ఆమె వాక్యం చదువుకునే సమయాన్ని కాపాడాలి, తన తరువాత ఆమె ఎవరి చేతుల వైపూ చూడకుండా కాగితం మీద రాసిపెట్టాలి. భర్తలారా, ఆ నాలుగింటిలో మనం చేసినవి ఎన్ని? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఒక్కసారి లెక్క చూసుకుందాం. ప్రభువు మన గృహాలను కట్టును గాక. ఆమేన్.