విల్లిస్ క్యారియర్

విల్లిస్ హావిలాండ్ క్యారియర్ (నవంబర్ 26, 1876 - అక్టోబర్ 7, 1950) అమెరికాకు చెందిన ఇంజనీరు, పారిశ్రామికవేత్త. భవనాలలోని గాలి ఉష్ణోగ్రతనూ, తేమనూ ఏడాది పొడవునా కోరిన స్థాయిలో నిలిపి ఉంచే ఎయిర్ కండిషనింగ్ పద్ధతికి ఇతడు శాస్త్రీయమైన పునాది వేశాడు. చల్లదనాన్ని ఇచ్చే యంత్రాన్ని కనిపెట్టినవాడిగా ఇతడిని చాలామంది పేర్కొంటారు గానీ అది సరికాదు. అటువంటి యంత్రాలు ఇతడు పుట్టకముందే ఉన్నాయి. గాలిలోని తేమను లెక్కగట్టి అదుపు చేయడం క్యారియర్ సాధించిన అసలు పని. ఇళ్ళలో వేడినీ చల్లదనాన్నీ ఒకే గొట్టాల ద్వారా గదులన్నిటికీ పంపే నేటి కేంద్రీయ వ్యవస్థలు ఆ లెక్కల మీదే ఆధారపడి ఉన్నాయి.

== బాల్యము, విద్య ==

క్యారియర్ న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ సరస్సుకు సమీపంలో ఉన్న అంగోలా అనే గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి డ్యుయేన్, తల్లి ఎలిజబెత్ హావిలాండ్. తల్లిదండ్రులకు ఇతడు ఒక్కడే సంతానం. తల్లి గడియారాలు, కుట్టుమిషన్ల వంటి ఇంటి సామాన్లు పాడైతే స్వయంగా బాగుచేసేది. కొడుకుకు భిన్నాలు అర్థం కాకపోతే ఆపిల్ పండ్లను ముక్కలుగా కోయించి, వాటితోనే కూడికలు, తీసివేతలు నేర్పింది. క్యారియర్‌కు 11 ఏళ్ళ వయసులో ఆమె మరణించింది. ఏ సమస్యనైనా చేతితో పట్టుకోగలిగిన ముక్కలుగా విడదీసి చూసే అలవాటు తనకు ఆ పాఠంతోనే వచ్చిందని అతడు తరువాతి కాలంలో చెప్పుకునేవాడు.

1890లలో అమెరికాలో వచ్చిన ఆర్థిక మాంద్యం వలన అతని కుటుంబం ఇబ్బందులు పడింది. కొంతకాలం పాఠశాలలో బోధించి, తరువాత ఉపకారవేతనం సంపాదించుకొని 1897లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఉపకారవేతనం చాలని చోట పచ్చికబయళ్ళు కత్తిరించడం, కొలిమిలు చూసుకోవడం వంటి పనులు చేసి చదువు సాగించాడు. 1901లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాడు.

== వేడి యంత్రాలతో మొదలు ==

ఎయిర్ కండిషనింగ్‌తో పేరు పొందిన ఈ మనిషి ఉద్యోగ జీవితం వేడితో మొదలైంది. 1901లో బఫెలో నగరంలోని బఫెలో ఫోర్జ్ కంపెనీలో వారానికి 10 డాలర్ల జీతంతో చేరాడు. ఆ సంస్థ ఫ్యాన్లు, బ్లోయర్లు, ఆవిరి గొట్టాల మీదుగా గాలిని తోలి వేడిచేసే హీటర్లు తయారుచేసేది. కలపను, కాఫీ గింజలను ఆరబెట్టే వ్యవస్థలకు నమూనాలు గీయడం క్యారియర్‌కు అప్పగించిన తొలి పనులు.

ఒక భవనానికి ఎంత పెద్ద హీటరు కావాలో ఆ రోజుల్లో ఎవరికీ కచ్చితంగా తెలియదు. అందువలన ఇంజనీర్లు అంచనాకు మరికొంత కలిపి, అవసరానికి మించిన యంత్రాన్ని బిగించేవారు. ఆ అదనాన్ని భద్రత అనేవారు గానీ, క్యారియర్ దృష్టిలో అది కేవలం తెలియనితనానికి కొలత. అతడు హీటరు గొట్టాల మీదుగా వేర్వేరు వేగాలతో గాలిని పంపి, ఏ వేగానికి ఎంత వేడి గాలిలోకి చేరుతుందో కొలిచి పట్టికలు తయారుచేశాడు. వాటి వలన కంపెనీకి ఎంతో వృథా ఖర్చు తగ్గింది. యాజమాన్యం అతని కోసం ఒక ప్రయోగశాలను ఏర్పాటు చేసింది.

== ముద్రణాలయం సమస్య ==

1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఉన్న సాకెట్ అండ్ విల్హెల్మ్స్ అనే ముద్రణాలయం నుండి ఒక సమస్య వచ్చింది. అక్కడ రంగుల బొమ్మలు అచ్చువేసేటప్పుడు ఒకే కాగితం ఒక్కొక్క రంగుకు ఒక్కొక్కసారి యంత్రంలోకి వెళ్ళాలి. వేసవిలో గాలి తేమగా ఉన్న రోజున కాగితం ఉబ్బేది, పొడిగా ఉన్న రోజున కుంచించుకుపోయేది. దానితో మొదటి రంగు మీద రెండవ రంగు సరిగా కూర్చొనేది కాదు. గదిని చల్లబరచమని వారు కోరలేదు, కాగితం పరిమాణం మారకుండా చూడమని కోరారు.

జూలై 17, 1902 నాటికి క్యారియర్ ఆ వ్యవస్థ నమూనాలను పూర్తిచేశాడు. లోతైన బావి నీరు, అమ్మోనియా కంప్రెసరు చల్లబరచిన నీరు ప్రవహించే గొట్టపు చుట్ల మీదుగా గాలిని పంపి, అందులోని అదనపు ఆవిరిని నీరుగా రాబట్టడం దాని ఉద్దేశ్యం. సాపేక్ష ఆర్ద్రతను 55 శాతం దగ్గర నిలపాలన్నది లక్ష్యం. ఆ చుట్ల శక్తి రోజుకు 1,08,000 పౌండ్ల మంచుగడ్డను కరిగించడంతో సమానం. రోజుకు 2,000 పౌండ్ల మంచు కరిగితే కలిగే చల్లదనాన్ని అమెరికా లెక్కలో ఒక టన్ను అంటారు కనుక ఇది 54 టన్నుల వ్యవస్థ. నేడు దుకాణాలలో ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అని చెప్పి అమ్మే ఏసీల టన్ను కూడా ఇదే. యంత్రం బరువుకు దానితో సంబంధం లేదు.

== పొగమంచు నుండి సూత్రం ==

1902 చివరలో ఒక రాత్రి పిట్స్‌బర్గ్ రైల్వే స్టేషనులో బండి కోసం ఎదురుచూస్తున్నప్పుడు ప్లాట్‌ఫారం అంతటా దట్టమైన పొగమంచు కమ్ముకుంది. క్యారియర్ ఆ గాలి గురించి ఆలోచించాడు. పొగమంచులోని గాలి ఆవిరితో నిండిపోయి ఉంటుంది, అయినా అది చల్లగా ఉండడం వలన అందులో మొత్తం ఆవిరి తక్కువే. చల్లని గాలి కొద్ది ఆవిరిని మాత్రమే నిలుపుకోగలదు. అలాగైతే గాలిని కావలసిన ఉష్ణోగ్రత ఉన్న నీటి తుంపరల గుండా పంపి, ఆ ఉష్ణోగ్రత వద్ద ఆవిరితో నింపి, తరువాత వేడిచేస్తే, అందులో ఎంత తేమ ఉండాలో ముందే నిర్ణయించవచ్చు. నీటి తుంపరలతో గాలిని పొడిగా చేయవచ్చనే ఈ ఆలోచన వినడానికి వింతగా ఉన్నా, చన్నీళ్ళు పోసిన గ్లాసు బయటి అంచున నీటి బొట్లు పేరుకోవడం వెనుక ఉన్న సూత్రమే ఇది.

ఈ పద్ధతితో పనిచేసే యంత్రానికి 1904లో దరఖాస్తు చేయగా, జనవరి 2, 1906న 8,08,897 సంఖ్యతో పేటెంటు లభించింది. దారం తెగకుండా ఉండాలంటే తేమ అవసరమైన నూలు మిల్లులు మొదటి కొనుగోలుదార్లలో ముఖ్యమైనవి. 1907లో జపాన్‌లోని యొకొహామాలో ఒక పట్టు మిల్లుకు కూడా యంత్రం వెళ్ళింది.

1911 డిసెంబరులో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం సమావేశంలో క్యారియర్ తన ముఖ్యమైన పరిశోధన పత్రాన్ని సమర్పించాడు. గాలి ఉష్ణోగ్రత, అది నిలుపుకోగల ఆవిరి, ఆవిరి నీరుగా మారే స్థానం వీటి మధ్య సంబంధాన్ని సూత్రాలుగానూ, ఒక పటంగానూ అందులో చూపించాడు. సైక్రోమెట్రిక్ చార్టు అనే ఆ పటం యొక్క నేటి రూపం మెకానికల్ ఇంజనీరింగు విద్యార్థులకు పరిచితమే. మన దేశంలోని రిఫ్రిజరేషన్ పాఠ్యపుస్తకాలలో తడి, పొడి ఉష్ణమాపకాల పాఠాలను బట్టి ఆవిరి పీడనాన్ని కనుగొనే సూత్రం క్యారియర్ సమీకరణం అనే పేరుతోనే ఉంటుంది. అతని పేటెంట్ల కాలం ఎప్పుడో తీరిపోయింది గానీ ఈ పత్రం విలువ తగ్గలేదు.

== సొంత సంస్థ ==

మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో బఫెలో ఫోర్జ్ యాజమాన్యం ఇకపై యంత్రాల తయారీకి మాత్రమే పరిమితం కావాలని నిర్ణయించింది. దానితో క్యారియర్, అతని సహోద్యోగి ఇర్విన్ లైల్, మరో ఐదుగురు ఇంజనీర్లు బయటికి వచ్చి, 1915లో 32,600 డాలర్ల మూలధనంతో క్యారియర్ ఇంజనీరింగ్ కార్పొరేషన్‌ను స్థాపించారు.

అప్పటి శీతల యంత్రాలు స్థూలమైనవి, వాటిలోని అమ్మోనియా విషపూరితమైనది. జనం గుమిగూడే చోట వాటిని పెట్టడం ప్రమాదం. 1922లో క్యారియర్ నూవార్క్‌లో సెంట్రిఫ్యూగల్ కంప్రెసరుతో పనిచేసే కొత్త యంత్రాన్ని ప్రదర్శించాడు. అందులో డైలీన్ అనే మరింత సురక్షితమైన ద్రవాన్ని వాడాడు. న్యూయార్క్ అధికారి ఒకరు దీనికీ అనుమతి ఇవ్వడానికి వెనుకాడగా, క్యారియర్ అతని ఎదుటే ఆ ద్రవంలో వెలుగుతున్న అగ్గిపుల్లను వేసి, అది పేలకుండా నెమ్మదిగా మండడం చూపించాడని చెబుతారు.

1924లో డెట్రాయిట్‌లోని హడ్సన్ దుకాణంలో, 1925లో న్యూయార్క్‌లోని రివోలీ థియేటరులో ఈ యంత్రాలు నెలకొన్నాయి. రివోలీలో మొదటి రోజు యంత్రం ఆలస్యంగా మొదలైంది. అలవాటు ప్రకారం విసనకర్రలతో వచ్చిన ప్రేక్షకులు హాలు చల్లబడే కొద్దీ ఒక్కొక్కరుగా విసరడం మానేశారు. వేసవిలో ఖాళీగా ఉండే థియేటర్లకు ఇది వరమైంది. 1928లో అమెరికా ప్రతినిధుల సభకు, 1929లో సెనేటుకు కూడా వ్యవస్థలు అమర్చారు. 1930లో మరో రెండు సంస్థల విలీనంతో క్యారియర్ కార్పొరేషన్ ఏర్పడింది, 1937లో అది సిరక్యూస్ నగరానికి తరలింది.

== ఇళ్ళలోకి ==

కర్మాగారాలు, థియేటర్ల తరువాత చాలా ఆలస్యంగా ఎయిర్ కండిషనింగ్ ఇళ్ళకు చేరింది. 1914లో మినియాపొలిస్ నగరంలో చార్లెస్ గేట్స్ అనే ధనవంతుని భవంతిలో పెట్టిన యంత్రం 7 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉండేది. గేట్స్ అంతకు ముందు సంవత్సరమే చనిపోయాడు. 1928లో క్యారియర్ సంస్థ వెదర్‌మేకర్ అనే పేరుతో గృహాలకు ఉద్దేశించిన యంత్రాన్ని తెచ్చింది. కానీ మరుసటి సంవత్సరమే ఆర్థిక మాంద్యం మొదలైంది, దాని వెనుకే రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. సామాన్యుల ఇళ్ళలో ఈ వ్యవస్థలు పెద్దఎత్తున వ్యాపించినది 1950ల నుండి, అంటే క్యారియర్ మరణించిన తరువాత.

అప్పటి నుండి అమెరికా ఇళ్ళలో స్థిరపడిన పద్ధతిలో కొలిమి, చల్లని చుట్ట ఒకే గాలి మార్గంలో ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. చలికాలంలో కొలిమి, వేసవిలో చుట్ట పనిచేస్తాయి, ఫ్యాను రెండింటికీ ఒకటే. వేసవిలో చుట్ట మీద చేరే నీరు ఒక పళ్ళెంలోకి కారి గొట్టం ద్వారా బయటికి పోతుంది. సాకెట్ ముద్రణాలయంలో క్యారియర్ రాబట్టదలచినది ఆ నీటినే. గొట్టం పూడుకుపోతే నీరు ఇంట్లోకి పొంగుతుంది. గాలిని వడగట్టే ఫిల్టరు దుమ్ముతో నిండితే చుట్ట మీదుగా వెళ్ళే గాలి తగ్గి, దాని మీద మంచు గడ్డకడుతుంది. అందుకే మరమ్మతుకు వచ్చిన పనివాడు సాధారణంగా ముందుగా ఈ రెండింటినీ చూస్తాడు.

బిగించేటప్పుడు జరిగే పెద్ద తప్పు మాత్రం 1901 నాటిదే. ఎందుకైనా మంచిదని ఇంటికి అవసరమైన దాని కన్నా పెద్ద యంత్రాన్ని పెడతారు. అది గదిని త్వరగా చల్లబరచి ఆగిపోతుంది, తేమను తీయడానికి తగినంత సేపు నడవదు. గది చల్లగానే ఉంటుంది గానీ జిడ్డుగా ఉంటుంది. గోడలు, కిటికీలు, ఎండ పడే దిక్కు, నివసించే మనుషుల సంఖ్య అన్నీ లెక్కలోకి తీసుకొని యంత్రాన్ని నిర్ణయించాలి. ఈ లెక్కలను వివరిస్తూ క్యారియర్ సంస్థ రూపొందించిన చేతి పుస్తకం 1965లో వెలువడింది, భారతదేశంలోని ఇంజనీర్లు కూడా దానిని విస్తృతంగా వాడారు. తేమ ప్రాధాన్యత తెలుగువారికి అనుభవమే. పొడి ఎండల తెలంగాణలో బాగా పనిచేసే నీటి కూలరు, కోస్తా జిల్లాల ఉక్కపోతలో అంతగా ఉపయోగపడదు. కూలరు గాలికి తేమను చేరుస్తుంది, ఏసీ తీసివేస్తుంది.

== ఆవిష్కర్త ఎవరు? ==

ఎయిర్ కండిషనింగ్‌ను ఒక్క క్యారియరే కనిపెట్టాడనడం వివాదాస్పదం. ఫ్లోరిడాకు చెందిన వైద్యుడు జాన్ గోరీ జ్వర రోగుల గదులను చల్లబరచే ప్రయత్నంలో మంచు తయారుచేసే యంత్రానికి 1851లోనే పేటెంటు పొందాడు. ఆల్ఫ్రెడ్ వుల్ఫ్ రూపొందించిన శీతలీకరణ వ్యవస్థతో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజి భవనం 1903లో ప్రారంభమైంది. ఎయిర్ కండిషనింగ్ అనే పేరును 1906లో వాడుకలోకి తెచ్చినవాడు కూడా క్యారియర్ కాదు, నూలు మిల్లుల ఇంజనీరు స్టూవర్ట్ క్రేమర్. అయితే వీరెవరి పనిలోనూ కనిపించనిది 1911 నాటి పత్రం. అది వచ్చిన తరువాతనే ఈ విద్యను ఎవరైనా నేర్చుకొని, ఎక్కడైనా అమర్చగలిగే స్థితి ఏర్పడింది.

ఈ పరిశ్రమ వలన కలిగిన నష్టాలను కూడా చెప్పుకోవాలి. 1930ల నుండి విస్తారంగా వాడిన ఫ్రియాన్ వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీస్తున్నట్లు తేలడంతో, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ద్వారా వాటిని నియంత్రించవలసి వచ్చింది. వాటి స్థానంలో వచ్చిన వాయువులలో కొన్ని భూతాపాన్ని పెంచుతున్నందున 2016లో కిగాలీలో మరో అంగీకారం కుదిరింది.

== వ్యక్తిగత జీవితం, మరణం ==

క్యారియర్ 1902లో ఎడిత్ సేమూర్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె 1912లో మరణించింది. 1913లో వివాహమాడిన జెన్నీ మార్టిన్ 1939లో మరణించగా, 1941లో ఎలిజబెత్ వైజ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు మగపిల్లలను దత్తత తీసుకున్నాడు. పనిలో పడితే పరిసరాలను మరచిపోయేవాడని ప్రతీతి. ఒకసారి ప్రయాణానికి పెద్ద పెట్టె సర్దుకొని వెళ్ళగా, తెరిచి చూస్తే అందులో ఒక చేతిరుమాలు మాత్రమే ఉందట. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, విమానాలను ఎత్తైన ఆకాశంలోని చలిలో పరీక్షించడానికి క్లీవ్‌లాండ్‌లో నిర్మించిన గాలి సొరంగానికి శీతలీకరణ వ్యవస్థను రూపొందించాడు. తన పనులన్నిటిలో దానినే గొప్పగా భావించేవాడు.

గుండె జబ్బుతో 1950 అక్టోబరు 7న న్యూయార్క్ నగరంలో మరణించాడు. బఫెలోలోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో అతని సమాధి ఉంది. 1985లో అతని పేరును అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ పట్టికలో చేర్చారు. అతని సంస్థను 1979లో యునైటెడ్ టెక్నాలజీస్ కొనుగోలు చేసింది, 2020లో అది మళ్ళీ వేరు సంస్థ అయింది. సిరక్యూస్ విశ్వవిద్యాలయం 1980లో ప్రారంభించిన పైకప్పు గల క్రీడామైదానానికి సంస్థ పేరు మీద క్యారియర్ డోమ్ అని పేరు పెట్టారు. 2022లో ఆ పేరు మార్చారు. క్యారియర్ పేరుతో దశాబ్దాల పాటు నడిచిన ఆ మైదానంలో ప్రేక్షకులు కూర్చునే చోట ఎయిర్ కండిషనింగ్ ఉండేది కాదు.