అమీర్ అబ్దుల్ ఖాదిర్ జజాయిరీ: సైనికులకు నేర్పిన నీతి

యుద్ధంలో ధైర్యం నేర్పిన సేనానులు చరిత్రలో ఎందరో ఉన్నారు. చేతికి చిక్కిన శత్రువు పట్ల న్యాయం నేర్పినవారు మాత్రం కొద్దిమందే. వారిలో ఒకరైన అల్జీరియా వీరుడు అమీర్ అబ్దుల్ ఖాదిర్ (రహ్మతుల్లాహి అలైహి) జీవితాన్ని ఈసారి స్మరించుకుందాం.

ఆయన 1808లో మస్కరా పట్టణ సమీపంలో, ఖాదిరియా సిల్సిలాకు చెందిన కుటుంబంలో జన్మించారు. ధార్మిక విద్య అభ్యసించారు. తండ్రి ముహ్యుద్దీన్ గారితో కలసి హజ్ చేశారు. 1830లో ఫ్రెంచి సేనలు అల్జీర్స్‌ను ఆక్రమించాయి. 1832లో తెగల పెద్దలు ఆయన చేతిపై బైఅత్ చేశారు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లే.

ఆ పోరులో శత్రువుల తలలు నరికి తెచ్చి సొమ్ము పొందే రివాజు ఉండేది. అమీర్ దాన్ని మార్చారు. ఖైదీని ప్రాణంతో తెచ్చినవారికే బహుమతి అని ప్రకటించారు. తనను హింసించారని ఖైదీ చెబితే ఆ బహుమతి దక్కదు. ఇందులోని వివేకం గమనించండి. కత్తి ఎత్తిన క్షణంలో సైనికుని పక్కన ఆలిం ఉండడు, అమీర్ ఉండడు. ఏది ధర్మమో అతడే తేల్చుకోవాలి. ఖైదీలకు తిండి పెట్టలేని పరిస్థితి వచ్చినప్పుడు అమీర్ వారిని పరిహారం అడగకుండానే విడిచిపెట్టారు.

అయితే ఒక చేదు నిజాన్ని మేము దాచదలచలేదు. 1846లో అమీర్ దూరంగా ఉన్న సమయంలో, ఆయన శిబిరంలోనే రెండు వందలకు పైగా ఫ్రెంచి ఖైదీలను చంపేశారు. ఆ ఆజ్ఞ తనది కాదని ఆయన చెప్పారు. అయినా ఆ మచ్చ ఆయన పేరును వెంటాడింది. నాయకుని భయంతో పాటించిన నీతి, నాయకుడు లేనినాడు నిలవదు. అది హృదయంలో దిగాలి.

1847లో అమీర్ ఆయుధాలు దించారు. ఫ్రాన్స్ ఇచ్చిన మాట తప్పి, ఆయనను 1852 వరకు నిర్బంధంలో ఉంచింది. 1855లో ఆయన డమాస్కస్ చేరారు. 1860 జూలైలో అక్కడ అల్లరిమూకలు క్రైస్తవుల ఇళ్లపై పడ్డాయి. అమీర్ తన అల్జీరియా అనుచరులను వీధుల్లోకి పంపారు. వేలాదిమందికి ఆశ్రయమిచ్చారు. క్రైస్తవులను ప్రాణంతో తెచ్చినవారికి మళ్లీ బహుమతి ప్రకటించారు. ఒకనాడు ఫ్రెంచి సేనతో పోరాడినవారే ఆనాడు క్రైస్తవులకు కాపలా కాశారు. ఈసారి పాఠం నిలిచింది.

1883లో డమాస్కస్‌లో ఆయన పరమపదించారు. 1966లో ఆయన భౌతికావశేషాలను అల్జీర్స్‌కు తరలించారు.

మన చేతిలో కత్తి లేదు. కాని మన మాటకు ఎదురు చెప్పలేని పనివాడున్నాడు, మనతో తగాదాలో ఓడిన పొరుగువాడున్నాడు. వారితో మన నడవడి ఎవరూ చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడు. బలం ఉన్నచోట న్యాయంగా నడచుకునే తౌఫీఖ్ ఆయన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.