జెనోసైడ్ మాట పుట్టించిన లెమ్కిన్ మా డర్హమ్‌లోనే ఉన్నారు

నార్త్ కరోలినా బడుల్లో 2023-24 నుంచి హోలోకాస్ట్ పాఠం తప్పనిసరి. ఆ చట్టానికి గిజెల్లా ఆబ్రమ్‌సన్ పేరు పెట్టారు. నాజీల బారి నుంచి బయటపడి, రాలీలో స్థిరపడి, ఏళ్ల తరబడి ఇక్కడి పిల్లలకు ఆ సంగతులు చెప్పిన యూదు మహిళ ఆమె. ఆ పాఠంలో తప్పక వచ్చే మాట జెనోసైడ్. దాన్ని పుట్టించిన రాఫెల్ లెమ్కిన్ గురించి మాత్రం మనవాళ్లలో తెలిసినవారు తక్కువ. అమెరికాలో ఆయనకు మొదట నీడ దొరికింది మేముంటున్న డర్హమ్‌లోనే.

లెమ్కిన్ 1900లో, ఇప్పటి బెలారస్‌లోని ఒక పల్లెలో, వ్యవసాయం చేసుకునే యూదు కుటుంబంలో పుట్టారు. లా చదివే రోజుల్లో ఆర్మేనియన్ల ఊచకోత గురించి విన్నారు. ఒక మనిషిని చంపితే హత్య. ఒక ప్రభుత్వం తన సొంత ప్రజల్నే లక్షల్లో చంపితే ఏ చట్టంలోనూ నేరం కాదు. ఇది ఆయనకు మింగుడుపడలేదు. వార్సాలో ప్రాసిక్యూటర్‌గా ఉంటూ, 1933లో మాడ్రిడ్ సదస్సుకు కొత్త చట్టం కోసం ప్రతిపాదన పంపారు. ఎవరూ పట్టించుకోలేదు. హిట్లర్ గద్దెనెక్కిన ఏడాది అది.

1939లో జర్మనీ దాడి చేయగానే పోలండ్ వదిలారు. లిథువేనియా, స్వీడన్, రష్యా, జపాన్ మీదుగా 1941లో అమెరికా చేరారు. అంతకుముందు పోలండ్ శిక్షాస్మృతిని ఆయనతో కలిసి ఇంగ్లిష్‌లోకి తెచ్చిన మాల్కమ్ మెక్‌డర్మాట్ డ్యూక్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఆయనే అక్కడ ఉద్యోగం ఇప్పించారు. మన భాషలో చెప్పాలంటే స్పాన్సర్ దొరికాడు. వీసా కోసం ఏళ్లు గడిపిన మనకు ఆ విలువ తెలుసు. ఊళ్లో మిగిలిన అమ్మానాన్నలకు అలాంటివారు ఎవరూ దొరకలేదు. వాళ్లతో కలిపి 49 మంది బంధువులను ఆయన కోల్పోయారు. సోదరుడి కుటుంబం ఒక్కటే మిగిలింది.

1944లో అచ్చయిన తన పుస్తకంలో, జాతి అనే గ్రీకు మాటను చంపడమనే లాటిన్ మాటతో అతికించి జెనోసైడ్ అన్నారు. మన పత్రికల్లో పదిమంది చనిపోయినా మారణహోమమే. ఇది అది కాదు. ఒక జాతినో మతస్తులనో, వాళ్లు ఆ జాతివాళ్లు అయినందుకే లేకుండా చేయాలని చూడటం. వాళ్లకు పిల్లలు పుట్టకుండా చేయడం, పుట్టిన పిల్లల్ని లాక్కుని వేరేవాళ్లకు అప్పగించడం కూడా ఇందులోకే వస్తాయి.

1946లో ఐక్యరాజ్యసమితిలో దీన్ని నేరంగా ప్రకటించాలని తీర్మానం పెట్టిన మూడు దేశాల్లో భారత్ ఒకటి. మిగతావి క్యూబా, పనామా. 1948 డిసెంబర్ 9న పారిస్‌లో ఒప్పందం ఆమోదం పొందింది. ఆ తర్వాత దేశాలన్నీ దాన్ని ధ్రువీకరించాలని లెమ్కిన్ పేదరికంలోనే తిరుగుతూ పోయారు. ఆశ్రయమిచ్చిన అమెరికాయే 1988 దాకా ఆ పని చేయలేదు.

భారత్ 1959 ఆగస్టు 27న ధ్రువీకరించింది. మర్నాడే న్యూయార్క్‌లో గుండెపోటుతో లెమ్కిన్ కన్నుమూశారు. అంత్యక్రియలకు వచ్చింది ఏడుగురేనంటారు. ఆయన సమాధి క్వీన్స్‌లోని మౌంట్ హెబ్రాన్ శ్మశానంలో ఉంది. ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్లేవాళ్లకు అది దగ్గరే.