పల్లెకు పుస్తకాన్ని చేర్చిన అయ్యంకి వెంకట రమణయ్య

ఏటా నవంబరు 14 నుండి వారం రోజులపాటు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. నెహ్రూ జయంతి కనుకనే ఆ తేదీని ఎంచుకున్నారని పలువురు భావిస్తుంటారు. అయితే ఆ తేదీకి గ్రంథాలయోద్యమంతో అంతకన్నా పాత అనుబంధం ఉంది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. బరోడా సంస్థాన గ్రంథాలయాధికారి కుదాల్కర్ అధ్యక్షత వహించిన ఆ సభకు మూలస్తంభంగా నిలిచినవారు అయ్యంకి వెంకట రమణయ్య. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు.

1890 జూలై 24న తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో ఆయన జన్మించారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో చేసిన ప్రసంగాలు ఆయనను దేశసేవకు పురికొల్పాయి. ఆ సేవకు ఆయన ఎంచుకున్న సాధనం పుస్తకం. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన, గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరగడానికి ఆయనే ప్రధాన కారకులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే ఆవిర్భవించింది. ఉద్యమ వాణిగా 'గ్రంథాలయ సర్వస్వము' పత్రికను ఆయన నడిపారు.

గ్రంథాలయమంటే పట్టణాలలో విద్యావంతులు కాలక్షేపం చేసే చోటు అనుకునే రోజులవి. అక్షరం రాని రైతుకు పుస్తకంతో పనేమిటన్న ప్రశ్న సహజంగానే ఎదురయ్యేది. పత్రికను పదిమందికీ చదివి వినిపించడం, రాత్రి పాఠశాలలు నడపడం, ఊరూరా గ్రంథాలయ యాత్రలు సాగించడం ఉద్యమం ఆ ప్రశ్నకు చేతలలో చూపిన సమాధానాలు. విరాళాలే ఆధారంగా, పరాయి పాలకుల అనుమానపు చూపుల నడుమ సాగిన కృషి ఇది. ఎన్నో ఊళ్లలో స్వాతంత్ర్యోద్యమ వార్తలు ప్రజలకు చేరింది గ్రంథాలయం అరుగు మీదనే.

ఈ వాతావరణంలో వెలసిన పల్లె గ్రంథాలయాలలో వేటపాలెం సారస్వత నికేతనం ఎన్నదగినది. 1918లో స్థాపితమైన ఈ సంస్థ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. చేనేతకు పేరొందిన ఆ ఊరికి పాత తెలుగు పత్రికల కోసం దూరప్రాంతాల నుండి పరిశోధకులు రావడం విశేషం.

పౌర గ్రంథాలయాలకు చట్టబద్ధమైన ఆసరా మద్రాసు రాష్ట్రంలో 1948లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1960లోను లభించింది. ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో, దాతల దయపై నడిచిన సేవ ప్రజల హక్కుగా మారింది. తొలి మహాసభనాటికి ఇరవై నాలుగేళ్ల యువకుడైనా కాని రమణయ్య ఈ మార్పును కళ్లారా చూశారు. 1972లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. 1979లో ఆయన కన్నుమూశారు.