కార్ల్ టెర్జాగీ

కార్ల్ టెర్జాగీ (అక్టోబరు 2, 1883 - అక్టోబరు 25, 1963) ఆస్ట్రియాకు చెందిన సుప్రసిద్ధ సివిల్ ఇంజనీరు, భూవిజ్ఞాన పండితుడు, ఆచార్యుడు. ఈయనను మృత్తికా యాంత్రిక శాస్త్ర (సాయిల్ మెకానిక్స్) పితామహుడిగా పేర్కొంటారు. నేలలోని నీటి పీడనానికీ, నేల బలానికీ గల సంబంధాన్ని ఈయన ఒక స్పష్టమైన సూత్రంగా నిరూపించాడు. ఊబి అనేది ఒక ప్రత్యేకమైన ఇసుక రకం కాదనీ, మామూలు ఇసుకకు సైతం కలుగగల ఒక స్థితి అనీ ఈ సూత్రం వలన తేటతెల్లమవుతుంది.

బాల్యం, విద్యాభ్యాసం

టెర్జాగీ నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని ప్రేగ్ నగరంలో జన్మించాడు. తండ్రి సైనికాధికారి. తండ్రి పదవీ విరమణ తరువాత కుటుంబం గ్రాజ్ నగరానికి తరలివెళ్ళింది. పదేళ్ళ వయసులోనే టెర్జాగీని సైనిక వసతి పాఠశాలకు పంపారు. అక్కడ ఖగోళ, భూగోళ శాస్త్రాలపై ఆసక్తి పెరిగింది. 1900లో గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగులో చేరి, 1904లో పట్టభద్రుడయ్యాడు. సైన్యంలో తప్పనిసరి సేవ చేసిన కాలంలో ఒక ఆంగ్ల భూవిజ్ఞాన గ్రంథాన్ని జర్మన్ భాషలోకి అనువదించాడు.

తొలి ఉద్యోగాలు

తరువాత క్రొయేషియాలోను, రష్యాలోను నిర్మాణ పనులలో పాల్గొన్నాడు. 1912లో డాక్టరేటు పొంది, అదే సంవత్సరం అమెరికా వెళ్ళి, పశ్చిమ ప్రాంతాలలో జరుగుతున్న ఆనకట్టల నిర్మాణాలను పరిశీలించాడు. ఆ రోజులలో ఇనుము, కాంక్రీటు ఎంత బరువు మోయగలవో ముందుగా లెక్కగట్టడం ఇంజనీర్లకు తెలుసు. కానీ వాటిని మోసే నేల విషయంలో అనుభవమే ఆధారం. అందుచేత పునాదులు కుంగడం, గట్లు కూలడం తరచుగా జరిగేవి. ఈ లోటును తీర్చడమే టెర్జాగీ జీవిత లక్ష్యమయింది.

ఇస్తాంబుల్ పరిశోధనలు

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసిన తరువాత, 1916లో ఇస్తాంబుల్‌లోని ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. గ్రాజ్‌లో ఈయనకు గురువైన ఫిలిప్ ఫోర్చ్‌హైమర్ ఇందుకు తోడ్పడ్డాడు. 1918లో యుద్ధం ముగియగానే ఆ ఉద్యోగం పోయింది. అదే నగరంలోని రాబర్ట్ కళాశాలలో బోధన దొరికినా, ప్రయోగశాలకు తగిన పరికరాలు లేవు. టెర్జాగీ చుట్టల పెట్టెలు, వంటింటి సామాగ్రి వంటివి ఉపయోగించి పరికరాలు స్వయంగా తయారుచేసుకున్నాడు. ఇసుకలోను, బంకమట్టిలోను నీటి కదలికను ఏళ్ళ తరబడి కొలిచాడు. ఆ ఫలితాలతో 1925లో వియన్నాలో వెలువడిన జర్మన్ గ్రంథం ఆధునిక మృత్తికా యాంత్రిక శాస్త్రానికి పునాది అయింది.

ఊబి రహస్యం

నీటితో నిండిన ఇసుకపై పడే బరువును రెండు భాగాలు మోస్తాయి. కొంత రేణువుల మధ్యనున్న నీరు, మిగిలినది ఒకదానినొకటి ఆనుకొని ఉన్న రేణువులు. మొత్తం ఒత్తిడి నుండి నీటి పీడనాన్ని తీసివేయగా మిగిలినదే ఇసుకకు గట్టిదనాన్ని ఇస్తుంది. దీనినే ప్రభావక ప్రతిబల సూత్రం అంటారు. నీరు కింది నుండి పైకి వేగంగా ప్రవహించినపుడు నీటి పీడనం పెరిగి, రేణువుల మధ్య ఒత్తిడి సున్నా అవుతుంది. అపుడు ఇసుక ద్రవంలా ప్రవర్తిస్తుంది. అదే ఊబి. ఊబి సాంద్రత నీటికి సుమారు రెండు రెట్లు. మానవ శరీరపు సాంద్రత దాదాపు నీటితో సమానం కనుక మనిషి ఊబిలో పూర్తిగా మునగడు. చిక్కుకొని బయటపడలేకపోవడం, ఈలోగా సముద్రపు పోటు రావడం అసలు ప్రమాదాలు.

ఈ సూత్రానికి ఆనకట్టల భద్రతలో ప్రాధాన్యం ఎక్కువ. చెరువు గట్టుకు బుంగ పడడం తెలుగు రైతులకు తెలిసినదే. ఆనకట్ట దిగువన ఊరే నీరు ఇసుకను వెంట తెచ్చుకుంటే లోపల దారి ఏర్పడి, చివరకు కట్టడమే కూలవచ్చు. దీని నివారణ గురించి టెర్జాగీ 1922లోనే వ్యాసం ప్రకటించాడు. నీటిని ఆపక, ఇసుకను మాత్రం ఆపే విధంగా, తగిన పరిమాణం గల ఇసుక, గులకరాళ్ళ పొరలను పరచి పైనుండి బరువు ఉంచడం ఆయన చూపిన ఉపాయం.

పాఠశాల ప్రయోగం

ఈ సూత్రాన్ని ఉన్నత పాఠశాలలో సులభంగా చూపవచ్చు. ఒక బకెట్టు అడుగు భాగాన రంధ్రం చేసి రబ్బరు గొట్టం బిగించాలి. లోపల గులకరాళ్ళు, వాటిపై సన్నని జాలీ గుడ్డ పరచి, సుమారు 20 సెంటీమీటర్ల మందాన శుభ్రమైన సన్న ఇసుక పోయాలి. ఇసుకలో ఒక టేబుల్ టెన్నిస్ బంతిని పాతి, పైన ఒక రాయి ఉంచాలి. గొట్టం రెండవ కొనకు నీటి పాత్రను తగిలించి మెల్లగా పైకెత్తాలి. ముందుగా ఇసుక నీటితో నిండుతుంది, రాయి కదలదు. పాత్రలోని నీటి మట్టం, ఇసుకపైనున్న నీటి మట్టం కంటే దాదాపు ఇసుక మందమంత ఎత్తుకు చేరగానే ఇసుక మరుగుతున్నట్లు కనబడుతుంది. రాయి మునుగుతుంది, బంతి పైకి తేలుతుంది. గొట్టంలోను, జాలీలోను కొంత పీడనం తగ్గుతుంది కనుక మరికొంత ఎత్తు అవసరం కావచ్చు. పాత్రను దించగానే ఇసుక మళ్ళీ గట్టిపడి రాయిని పట్టుకుంటుంది.

కొన్నిచోట్ల నీటిలో కలిపిన మొక్కజొన్న పిండిని ఊబిగా చూపుతుంటారు. అది గట్టిగా కొడితే బిగుసుకొనే ద్రవం. దాని స్వభావానికి కారణం వేరు. నీటి పీడనం వలన ఏర్పడే ఊబిని అది వివరించదు.

వివాదం

1925లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు వెళ్ళిన టెర్జాగీ, 1929లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1930లో భూవిజ్ఞాన శాస్త్రవేత్త రూత్ డాగెట్‌ను వివాహమాడాడు. 1936లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యుడు పాల్ ఫిల్లుంగర్, టెర్జాగీ సిద్ధాంతం తప్పని తీవ్రంగా విమర్శిస్తూ కరపత్రం ప్రచురించాడు. విచారణ సంఘం టెర్జాగీ పక్షాన నిర్ణయించింది. 1937 మార్చిలో ఫిల్లుంగర్ దంపతులు ఆత్మహత్య చేసుకున్నారు. నీటితో నిండిన సచ్ఛిద్ర పదార్థాల గురించి ఫిల్లుంగర్ వ్రాసిన సమీకరణాలు కూడా విలువైనవేనని తరువాతి పరిశోధకులు గుర్తించారు. శాస్త్రంలో ఒకరి గెలుపు మరొకరి కృషిని వ్యర్థం చేయదని ఈ విషాదం తెలుపుతుంది.

చివరి దశ

1936లో హార్వర్డ్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మృత్తికా యాంత్రిక శాస్త్ర సమావేశానికి టెర్జాగీ అధ్యక్షత వహించాడు. 1938లో అమెరికాకు తరలివెళ్ళి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. 1943లో అమెరికా పౌరసత్వం పొందాడు. 1948లో రాల్ఫ్ పెక్‌తో కలసి వ్రాసిన పాఠ్యగ్రంథం ఎంతో ప్రసిద్ధి పొందింది. ఈజిప్టులోని అస్వాన్ పెద్ద ఆనకట్ట సలహా మండలికి అధ్యక్షుడిగా పనిచేసి, సోవియట్ ఇంజనీర్లతో అభిప్రాయభేదాల కారణంగా 1959లో రాజీనామా చేశాడు. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం వారి నార్మన్ పతకాన్ని నాలుగు పర్యాయాలు అందుకున్నాడు.

టెర్జాగీ 1963లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వించెస్టర్‌లో మరణించాడు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, బలహీనమైన నేలపై ఈయన సలహాతో నిర్మించిన మిషన్ ఆనకట్టకు 1965లో టెర్జాగీ ఆనకట్ట అని పేరు పెట్టారు.