ప్రజానాట్య ప్రయోక్త డాక్టర్ గరికపాటి రాజారావు

పేరుపడిన పాత నాటకాన్ని ప్రదర్శించడానికి పెద్ద సాహసం అక్కరలేదు. కథ ప్రేక్షకులకు తెలిసినదే, పద్యాలు వారికి కంఠస్థమే. సిరా తడి ఆరని కొత్త నాటకాన్ని, అందులోనూ కళ్ళ ముందు జరుగుతున్న కథను, రంగస్థలం మీదికి తేవడానికి గుండెధైర్యం కావాలి. అట్టి ధైర్యం గల ప్రయోక్తలలో డాక్టర్ గరికపాటి రాజారావుగారిని అగ్రగణ్యులుగా మేము భావిస్తున్నాము.

వారు 1915లో రాజమహేంద్రవరంలో జన్మించారు. వైద్యవిద్య నభ్యసించి వైద్యులైనారు. కాని వారి మనస్సు నాటకం మీదనే లగ్నమైనది. ఆనాటి తెలుగు రంగస్థలాన్ని పౌరాణిక పద్యనాటకాలు ఏలుతూ ఉండేవి. రైతు గోడు, కూలీ ఆకలి రంగస్థలానికి ఎక్కడం అరుదు. 1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం ఏర్పడినది. అదే ఆశయంతో తెలుగునాట వెలసిన ప్రజానాట్యమండలికి రాజారావుగారు ప్రాణం పోశారు. బుర్రకథ, వీధినాటకం వంటి పల్లె కళలను మండలి ఆదరించినది. పొన్నెకల్లు పింజారీ కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథ ఆ వేదికపైననే ప్రజల హృదయాలకు చేరినది.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు అనే ఇద్దరు యువరచయితలు కలిసి వ్రాసిన 'ముందడుగు', 'మా భూమి' నాటకాలను మండలి ఊరూరా ప్రదర్శించినది. 1947 నాటి 'మా భూమి' మన తెలంగాణా రైతుల కథ. దానికి ప్రేరణ, జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెంలో దేశముఖుతో భూమికై పోరాడి ప్రాణమర్పించిన షేక్ బందగీ. మా తిరుమలాయపాలెం ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలోనిది. ఇక్కడ పోరాటం నడుస్తూ ఉండగానే, సరిహద్దు కావల కృష్ణా మండలంలో ఆ కథ నాటకమై ఆడినది. హిందూ ముస్లిం రైతుల కష్టం ఒక్కటే అని ఆ నాటకం చాటినది. మతావేశాలు రగిలిన ఆ సంవత్సరంలో అది సామాన్య విషయం కాదు.

ఆ ధైర్యానికి మూల్యం చెల్లించక తప్పలేదు. మద్రాసు ప్రభుత్వం 'మా భూమి'ని నిషేధించినది. నిర్బంధం వలన మండలి చెల్లాచెదరైనది, కళాకారులు పలువురు చలనచిత్రరంగానికి తరలిపోయారు. రాజారావుగారు కూడ 1953లో 'పుట్టిల్లు' చిత్రాన్ని స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, నటించారు. జమున, అల్లు రామలింగయ్య అందులోనే తొలిసారి తెరపై కనిపించారు. వారిద్దరూ కీర్తి గడించారు. నిర్మాతకు మాత్రం నష్టమే మిగిలినది. 1963లో, ఏబది ఏండ్లయినా నిండక మునుపే, రాజారావుగారు కన్నుమూశారు.

1979లో వచ్చిన 'మా భూమి' చలనచిత్రం వేరు. దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. అయినా ఒకే పోరాటం తెలుగులో నాటకమై, ఉర్దూలో నవలయై వెలువడడం ఈ రెండు భాషలు చదివే మన విద్యార్థులు గమనించదగిన విషయం. కళాశాల వార్షికోత్సవాలలో ఏటేటా పాత నాటకాలనే వల్లించే మనం, మన కాలపు రచయిత వ్రాసిన ఒక్క కొత్త నాటకాన్నయినా ఆడితే, ఆ మహనీయునికి అదే తగిన నివాళి.